ఫిజియో చేసి నొప్పుల మీద రీసెర్చ్ వైపు పోవచ్చా? క్లినిక్ పెట్టకపోతే బతుకుదెరువు ఉంటదా?

మైపాడు_అల (నెల్లూరు)
అందరికీ నమస్తే. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయిపోయింది, ఇప్పుడు ఇంటర్న్‌షిప్ చేస్తుండా. అది కూడా అయిపోవస్తుండాది, తర్వాత ఏందనేది ఇంట్లో రోజూ పంచాయితీనే. నాన్నేమో వేదాయపాళెంలో షట్టర్ ఒకటి ఖాళీగా ఉండాది, రెండు మెషీన్లు కొని కూర్చోమంటాడు. మామయ్య కెనడా కెనడా అని చంపుతుండాడు.
నాకేమో వేరే ఆలోచన ఉండాది. ఓపీలో కూర్చుంటే వచ్చేవాళ్లది దాదాపు ఒకటే కథ. నాట్లేసి నడుం పట్టేసిందని ఒకామె, రొయ్యల చెరువు కాడ మేత బస్తాలు మోసి భుజం లేవట్లేదని ఒకాయన, అంగన్‌వాడీలో పిల్లల్ని ఎత్తుకుని మెడ లాగేస్తుండాదని ఇంకొకామె. మా దాకా వచ్చేలోపు ఊళ్లో ఆర్‌ఎంపీ కాడ సూదులు, నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలో ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ, బెల్టు, అన్నీ అయిపోయుంటాయి. మొదట పోయిన చోటే సరిగ్గా చూసి చెప్పుంటే వీళ్లు ఇంత దూరం వచ్చేవాళ్లేనా అని నాకు ఒకటే తొలిచేస్తుంటది.
దీని మీదే జీవితమంతా పని చేసినోళ్లు ఉన్నారని ఈమధ్యే తెలిసింది. ఇంగ్లండులో కీల్ యూనివర్సిటీలో నాడీన్ ఫాస్టర్ అని ఒక ప్రొఫెసర్ ఉండేవారు, ఆమె చదివింది కూడా ఫిజియోథెరపీనే. 2018లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో నడుం నొప్పి మీద వచ్చిన సిరీస్‌లో ట్రీట్‌మెంట్ గురించిన పేపర్‌కి మొదటి పేరు ఆమెదే. ఇప్పుడు ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో ఉన్నారంట. మన దగ్గర బీపీటీ చేసినోళ్లు అట్టాంటి దారిలో పోవాలంటే ఎట్టా? ఎవరికన్నా తెలిస్తే చెప్పండి. ఎగతాళి చెయ్యబాకండి దయచేసి.

గిత్త_ఒంగోలు
ఎగతాళి కాదులే చెల్లెమ్మా గానీ జీతం ఎవరిస్తారు? మా బావమరిది ఎంపీటీ (ఫిజియోలో పీజీ) చేసి కాలేజీలో లెక్చరరుగా చేరాడు, ఆ జీతం చెప్తే మీ నాన్న ఆ షట్టర్ ఈరోజే తీయిస్తాడు.

సింహపురి_ఫిజియో (నెల్లూరు)
నేను పన్నెండేళ్లుగా క్లినిక్ నడుపుతుండా కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తా. రీసెర్చ్ మంచిదే, కాదన్ను, కానీ పేషెంట్ లోపలికి రాగానే చూసేది మెషీన్ వంక. ఐఎఫ్‌టీ అనే కరెంటు మెషీన్ పెట్టి పది నిమిషాలు జివ్వుజివ్వుమనిపిస్తే ట్రీట్‌మెంట్ జరిగినట్టు, నేను అరగంట కూర్చుని నువ్వు వంగడానికి భయపడబాకమ్మా, రోజూ నడువు, ఈ నొప్పి తగ్గేదే అని చెప్తే బయటికి పోయి ఈయన ఏం చెయ్యలేదు మాటలు చెప్పి డబ్బులు తీసుకున్నాడంటారు. షాపు అద్దె, కరెంటు బిల్లు, రిసెప్షన్ అమ్మాయి జీతం ఇవన్నీ మాటలతో రావు గదా. నీకు వయసుంది, ముందు రెండేళ్లు క్లినిక్‌లో చెయ్యి, తర్వాత చూసుకోవచ్చు. ఇది నా సలహా.

స్టోక్‌లో_కావలోడు
ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యాను, చాన్నాళ్లయింది ఇటొచ్చి. నేను కావలి, బీపీటీ మన దగ్గరే చేసి తర్వాత యూకేలో ఎంఎస్సీ, ఇప్పుడు నొప్పుల మీద పీహెచ్‌డీ చేస్తుండా. కీల్‌లో కాదు, వేరే యూనివర్సిటీ, కాకపోతే ఉండేది ఆ చుట్టుపక్కలే.
ముందు నువ్వు అడిగిన దాని వెనక కథ చెప్తా, ఎందుకంటే నీ బుర్రలో తిరుగుతుండే ప్రశ్నే వాళ్లకి కూడా మొదలు. ఈ కీల్ ఉండేది స్టాఫర్డ్‌షైర్‌లో, పక్కనే స్టోక్, అదంతా ఒకప్పుడు బొగ్గు గనులు, పింగాణీ ఫ్యాక్టరీల ఊళ్లు. మన చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పని చేసినోళ్ల నడుములు ఎట్టా ఉంటాయో వీళ్లవీ అట్టాంటివే. ఇక్కడ పీటర్ క్రాఫ్ట్ అనే ఎపిడెమియాలజిస్ట్, అంటే జనంలో రోగాల లెక్కలు చూసేవాడు, ఉండేవారు, ఆయన వాళ్లు 1998లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఒక పేపర్ వేశారు. అప్పటిదాకా డాక్టర్లందరూ నమ్మింది ఏందంటే నడుం నొప్పితో వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి నెలా రెండు నెలల్లో తగ్గిపోద్దని. ఎందుకంటే వాళ్లు మళ్లీ రారు గదా. వీళ్లేం చేశారంటే దక్షిణ మాంచెస్టర్‌లో రెండు చోట్ల ఊరి డాక్టర్ల దగ్గరికి నడుం నొప్పికి వచ్చినోళ్లని తర్వాత కూడా వెతుక్కుంటా పోయి అడిగారు. మూడు నెలల్లో 90 శాతం మంది డాక్టర్ దగ్గరికి రావడం మానేసిన మాట నిజమే, కానీ ఏడాది తర్వాత పూర్తిగా తగ్గిపోయినోళ్లు 25 శాతమే. రావడం మానేశారు, నొప్పి మాత్రం ఉంది!! డాక్టరేమో నా మందుకి తగ్గిందనుకుంటా ఉన్నాడు.
చూడు, ఇందులో మెషీన్ లేదు, ఆపరేషన్ లేదు, ల్యాబ్ లేదు. వచ్చినోళ్ల పేర్లు రాసుకుని తర్వాత పోయి ఎట్టా ఉందని అడగడమే. ప్రైమరీ కేర్, అంటే రోగి మొదట పోయే చోటి వైద్యం, దాని మీద రీసెర్చ్ అంటే ఎక్కువ భాగం ఇదే.
మిగతాది రాత్రికి రాస్తా, మీటింగ్ ఉంది.

నడుంనొప్పి_నాయుడు (గూడూరు)
సార్ ఆ 90 శాతంలో నేనొకణ్ణి. ఆ డాక్టర్ కాడికి మానేసి ఇంకో డాక్టర్ కాడికి పోయినా, అక్కణ్ణించి చెన్నై పోయినా, ఆడ ఎంఆర్‌ఐలో డిస్క్ బల్జ్ అని రాసిచ్చారు. అప్పట్నించి బిందె కూడా ఎత్తట్లేదు, నిమ్మతోటకి పోవడం మానేసినా, మా ఆవిడే చూసుకుంటుండాది. బల్జ్ అంటే ఎప్పటికన్నా పగిలిపోద్దా? ఎవరూ సరిగ్గా చెప్పరు.

మైపాడు_అల
నాయుడు అన్నా మీరు చూపించుకున్న డాక్టర్‌తోనే మాట్లాడండి, నేను ఇక్కడ కూర్చుని మీ నడుం గురించి చెప్పకూడదు. కానీ మాకు క్లాసులో చెప్పింది ఒకటి చెప్తా. 2015లో ఒక పెద్ద రివ్యూ వచ్చింది, అసలు నొప్పే లేని 3,110 మంది స్కాన్లు కలిపి చూశారు. ఇరవైల్లో ఉన్నోళ్లలోనే 30 శాతానికి డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య మెత్త కొంచెం బయటికి ఉబ్బడం, ఉంది, యాభైల్లో వాళ్లకి 60 శాతం, ఎనభైల్లో 84 శాతం. వీళ్లెవరికీ నొప్పి లేదు. అంటే బల్జ్ కనపడినంత మాత్రాన నొప్పి దాని వల్లే వస్తుండాదని కాదు. వయసుతో పాటు తల నెరిసినట్టే లోపల డిస్కులూ మారతాయి.

నడుంనొప్పి_నాయుడు (గూడూరు)
మరి ఈ ముక్క రిపోర్ట్ ఇచ్చేటప్పుడు ఎందుకు చెప్పరు తల్లీ. నాలుగేళ్లు అయింది నేను బిందె ఎత్తి.

గిత్త_ఒంగోలు
ఎందుకు చెప్తారు నాయుడు గారూ, చెప్తే మీరు మళ్లీ రారుగా 😄

ఉదయగిరి_చెంచా
అందరూ నొప్పికి స్కాన్ వద్దు, నడవండి అంటుండారు గానీ మన జిల్లాల సంగతి వేరే. దాన్ని మర్చిపోబాకండి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు గదా. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్ అనే దొర వాళ్లు పేపర్ వేసింది ఆనాటి నెల్లూరు జిల్లా నుంచే, అప్పటికి ఆ తాలూకాలన్నీ నెల్లూరులోనే ఉండేవి, 1970లో ప్రకాశం జిల్లా పుట్టాక అటు పోయాయి. మా ఉదయగిరి మెట్ట ఊళ్లలో కూడా ఈ బాధ ఉంది. వీళ్లకి నడుం నొప్పి అంటే వట్టి కండరం పట్టేయడం కాదు, వెన్నెముక లిగమెంట్లలో కాల్షియం పేరుకుని మనిషి కట్టెలాగా బిగుసుకుపోతాడు. మెడ కూడా తిరగదు.
మాకు ట్రైనింగ్‌లో మూడు పనులు చేయించి చూడమన్నారు. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు తాకగలడా, గడ్డం రొమ్ముకి ఆనించగలడా, చేతులు చాచి మడిచి తల వెనక పెట్టుకోగలడా. ఈ మూడూ చెయ్యలేకపోతే ఏ నీళ్లు తాగుతుండావయ్యా అని అడగాలి. ముంజేతి ఎక్స్‌రే తీస్తే రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఉండేది కనపడుద్ది. ఫ్లోరోసిస్ కోసం కేంద్రం ప్రోగ్రాం 2008-09లో మొదలుపెట్టినప్పుడు తొలి జిల్లాల్లో నెల్లూరు కూడా ఉంది.
కాబట్టి అమ్మాయీ, నువ్వు రీసెర్చ్ చెయ్యాలనుకుంటే ఇంగ్లండు ప్రశ్నలన్నీ ఎత్తుకొచ్చి ఇక్కడ అడిగితే సరిపోదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊరు, దాటని ఊరు రెండూ తీసుకుని చూడాలి. ఇది బయటోళ్లు ఎవరూ చెయ్యరు, మనమే చెయ్యాలి.

మైపాడు_అల
అయ్యో ఇది అసలు తట్టలేదు నాకు. చాలా థాంక్స్ అన్నా.

స్టోక్‌లో_కావలోడు
ఉదయగిరి అన్న పాయింటు బంగారం. దాంతోపాటు వెన్నెముక టీబీ కూడా. రాత్రుళ్లు జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి, ఇట్టాంటివి ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి పంపించాలి. మూత్రం మీద అదుపు పోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, కాళ్లలో బలం తగ్గడం అయితే ఆరోజే, తెల్లారేదాకా ఆగకూడదు.
ఇంక కథలోకి వస్తే, కీల్‌లో జొనాథన్ హిల్ అని ఇంకో ఫిజియో, ఆయన పీహెచ్‌డీలో తయారైందే స్టార్ట్ బ్యాక్ అనే తొమ్మిది ప్రశ్నల కాగితం. 2008లో వచ్చింది. నొప్పి కాల్లోకి పాకిందా, మెడకో భుజానికో కూడా ఉందా, నడవడం తగ్గించావా, బట్టలు వేసుకోవడం నిదానమైందా, ఇవి నాలుగూ ఒళ్లు గురించి. మిగతా అయిదూ మనసు గురించి, అంటే కదిలితే ప్రమాదమని భయమా, ఇది ఇంక తగ్గదులే అనిపిస్తుందా, దిగులుగా ఉందా, ఇదివరకు ఇష్టమైనవి ఇప్పుడు బాగుంటున్నాయా, మొత్తం మీద ఎంత వేధిస్తోంది అని. మన నాయుడు గారిని అడిగితే ఈ రెండో భాగంలో మార్కులన్నీ ఆయనకే. ఆ మార్కుల్ని బట్టి పేషెంట్లని మూడు రకాలుగా విడదీస్తారు. తక్కువ రిస్క్ అయితే ఒక్కసారి బాగా పరీక్ష చేసి ధైర్యం చెప్పి పంపెయ్యడం, మధ్య వాళ్లకి ఫిజియో, ఎక్కువ రిస్క్ వాళ్లకి ఫిజియోతో పాటు ఆ భయం దిగులు మీద కూడా పని చెయ్యగల ట్రైనింగ్ ఉన్న ఫిజియో.
ఇది పని చేస్తదా అని 851 మంది మీద ట్రయల్ చేసి 2011లో లాన్సెట్‌లో వేశారు. హిల్ గారిది మొదటి పేరు, ఫాస్టర్ గారూ ఉన్నారు, ఎలైన్ హే అనే రుమటాలజిస్టూ (కీళ్ల డాక్టర్) ఉన్నారు. ఏడాది తర్వాత ఇబ్బంది కొంచెం తగ్గింది, ఖర్చు కూడా తగ్గింది. కొంచెమే, గుర్తుపెట్టుకో. అద్భుతాలు జరగవు ఈ ఫీల్డులో.
కెరీర్ సంగతి. ఎక్కువమంది కొన్నేళ్లు క్లినిక్‌లో చేసి, తర్వాత ఏదో ఒక ట్రయల్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరతారు. ఆ పని చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు. ఎవరు ప్రశ్నాపత్రం తిరిగి పంపలేదో చూసి రెండోసారి పోస్ట్ చెయ్యడం, పంపకపోతే ఫోన్ చెయ్యడం, పిల్లి చచ్చిపోయిందని ఏడుస్తున్న ముసలామెతో ఇరవై నిమిషాలు మాట్లాడి చివర్లో మీ నడుం ఎట్టా ఉందండీ అని అడగడం. తర్వాత పీహెచ్‌డీ, తర్వాత ఫెలోషిప్‌లు, ప్రతి మూణ్ణాలుగేళ్లకి డబ్బుల కోసం మళ్లీ అప్లికేషన్. పర్మనెంట్ ఉద్యోగం చాలా లేటుగా వస్తది. ఇండియా నుంచి పీహెచ్‌డీకి రావాలంటే కామన్వెల్త్ స్కాలర్‌షిప్ ఒకటి ఉంది, ఆస్ట్రేలియాకి అయితే వాళ్ల ఆర్‌టీపీ స్కాలర్‌షిప్. క్రిస్ మహర్ లాంటి ఫిజియో ప్రొఫెసర్లు సిడ్నీలో ఉండబట్టి ఆ దేశం ఈ సబ్జెక్టుకి చాలా గట్టిది.

సింహపురి_ఫిజియో (నెల్లూరు)
అంతా బాగానే ఉంది కానీ మీ తెల్లోళ్ల తొమ్మిది ప్రశ్నలు వేరే చోట్ల పని చెయ్యలేదని కూడా చెప్పాలి గదా బ్రదర్. అమెరికాలో చేసిన ట్రయల్‌లో తేడా ఏం రాలేదు. మంచి రిజల్ట్ ఒక్కటే చూపించి పిల్లని ఉబ్బించబాకండి.

స్టోక్‌లో_కావలోడు
కరెక్ట్ సార్. అమెరికాది 2018లో వచ్చింది, అక్కడ డాక్టర్లకి ట్రైనింగ్ ఇచ్చినా వాళ్లు ట్రీట్‌మెంట్ మార్చలేదు, పేషెంట్లకీ తేడా రాలేదు. అది ఒక్కటే కాదు, కీల్ వాళ్లే నడుంతో పాటు మెడ, భుజం, మోకాలు అన్నిటికీ కలిపి ఇదే పద్ధతి పెట్టి ఇంకో పెద్ద ట్రయల్ చేశారు, 2022లో లాన్సెట్ రుమటాలజీలో వేశారు, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దానికి కూడా మొదటి పేరు హిల్ గారిదే. తన సొంత కాగితం మీద తనే పరీక్ష పెట్టి, ఫెయిలైతే ఫెయిలైందని అచ్చేసుకున్నాడు. నాకు ఈ మనుషుల్లో నచ్చేది అదే. మన దగ్గర మెషీన్ కొన్నాక అది పని చెయ్యట్లేదని ఎవరన్నా బోర్డు పెట్టారా?

సింహపురి_ఫిజియో (నెల్లూరు)
ఇది నా మీదే గదా 😀

గిత్త_ఒంగోలు
తగిలింది తగిలింది

కారందోశ_కాలేజీ
నిప్పు మీద పెట్రోల్ పోస్తున్నాననుకోబాకండి కానీ డబ్ల్యూహెచ్‌వో 2023 డిసెంబర్‌లో దీర్ఘకాలం నడుం నొప్పికి గైడ్‌లైన్ ఇచ్చింది, ప్రత్యేకంగా ప్రైమరీ కేర్ కోసమే. అందులో మామూలుగా వాడొద్దన్న లిస్టులో బెల్టులు, ట్రాక్షన్ (నడుం లాగి పెట్టడం), అల్ట్రాసౌండ్ మెషీన్ ట్రీట్‌మెంట్ (స్కాన్ కాదు), టెన్స్ అనే కరెంటు మెషీన్ అన్నీ ఉన్నాయి. మాకు ఎలక్ట్రోథెరపీ పేపర్ రాయించి పాస్ చేయించింది మొత్తం వీటి మీదే 😭

సింహపురి_ఫిజియో (నెల్లూరు)
చదివా తమ్ముడూ. నువ్వు పాసై క్లినిక్ పెట్టి మొదటి నెల అద్దె కట్టాక మళ్లీ మాట్లాడదాం. నేను ఎక్సర్‌సైజులు చెప్పననుకుంటున్నావా, అందరికీ చెప్తా, కాగితం మీద బొమ్మలేసి మరీ ఇస్తా. మెషీన్ పెట్టేది ఆ పది నిమిషాలు మనిషిని పడుకోబెట్టి మాట్లాడటానికి. అట్టా పెట్టకపోతే వినరు.

మైపాడు_అల
సార్ మీరు చెప్పిందే ఒక రీసెర్చ్ ప్రశ్న కదా. మెషీన్ పెట్టి మాట్లాడితే ఎంత, పెట్టకుండా అదే మాటలు చెప్తే ఎంత అని.

సింహపురి_ఫిజియో (నెల్లూరు)
నాకే ఎసరు పెడుతుండావే 😄 సరే చెయ్యి, నా క్లినిక్‌లోనే చెయ్యి. సీరియస్‌గానే అంటుండా.

ఎముకల_అభిమాని
ముందు మీ ఫిజియోలు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడం ఆపండి, తర్వాత రీసెర్చ్ గురించి మాట్లాడుకోవచ్చు. అట్టా పెట్టుకోకూడదని 2025 సెప్టెంబర్‌లో ఢిల్లీ నుంచి లెటర్ వచ్చింది చూడలేదా.

కారందోశ_కాలేజీ
2025 సెప్టెంబర్ 9న వచ్చిన లెటర్ మర్నాడే వెనక్కి తీసుకున్నారు, అది కూడా చెప్పండి సార్. అయినా 2021లో అలైడ్ హెల్త్‌కేర్ చట్టమే వచ్చింది, మాకంటూ కమిషన్ ఉంది.

ఎముకల_అభిమాని
చట్టం వస్తే ఎంబీబీఎస్ వచ్చినట్టా

మోడరేటర్
ఈ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే నలభై పేజీలు కొట్టుకున్నారు, అక్కడికి పోండి. ఇక్కడ ఆ అమ్మాయి అడిగిన దాని మీదే మాట్లాడండి. తర్వాతి పోస్టులు రెండు తీసేశాను.

హెడ్మాస్టర్_కందుకూరు
నేను వైద్యుణ్ణి కాను, రిటైరైన టీచర్ని. కానీ ఈ ప్రశ్నాపత్రాల గురించి ఒకటి చూశాను, చెప్తాను. మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు కోసం వాళ్ల ఫ్రెండ్స్ రోలాండ్ మోరిస్ అనే ప్రశ్నాపత్రం పట్టుకుని మా ఊరొచ్చారు. ఇరవై నాలుగు వాక్యాలు ఉంటాయి అందులో, ఈరోజు నడుం వల్ల మీకు ఇలా ఉందా అని. మా వీధి చివర సుబ్బమ్మవ్వ అరుగు మీద కూర్చుని చింతకాయలు కొడుతోంది. ఈ పిల్ల నడుం నొప్పి వల్ల మెట్లు నిదానంగా ఎక్కుతున్నారా అవ్వా అని అడిగింది. మా ఇంట్లో మెట్లెక్కడివే, మిద్దా మేడా అంది అవ్వ. సరే పట్టుకోవడానికి కమ్మీ వాడతారా అంది. అవ్వ ఈసారి జవాబే చెప్పలేదు, రాయి తీసుకుని చింతకాయ కొట్టుకుంటూ కూర్చుంది. మంచం మీద పక్కకి తిరగడం కష్టంగా ఉందా అంటే నేను పడుకునేది చాప మీద అంది. అన్నిటికీ పిల్ల కాదు కాదు అని టిక్కు పెట్టుకుంది. కాగితం చూస్తే అవ్వ మహా ఆరోగ్యంగా ఉంది. లేచేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని, మోకాలి మీద చెయ్యేసి, అమ్మా అయ్యా అంటూ రెండు విడతల్లో లేచింది. ఆ పిల్ల అప్పటికే బ్యాగ్ సర్దుకుంటోంది. నేల మీద నుంచి లేవడం, పొయ్యి ముందు గొంతుక్కూర్చోవడం, బోరింగు కొట్టడం, ఇవి ఆ కాగితంలో లేవు.

స్టోక్‌లో_కావలోడు
మాస్టారూ ఇది నేను మా సూపర్‌వైజర్‌కి చెప్పాలి, అనుమతి ఇస్తారా. అల, నువ్వు విన్నావు గదా, ఆ మొదటి పేపరేంటో మాస్టారు చెప్పేశారు. ప్రశ్నాపత్రాన్ని ఇక్కడి మనుషులకి తగ్గట్టు తయారు చెయ్యడం కూడా పూర్తి స్థాయి రీసెర్చే, ఎంపీటీ థీసిస్‌గా చెయ్యొచ్చు, దీనికి లక్షలు అక్కర్లేదు.

ఆశా_అక్క (ఆత్మకూరు)
నేను ఆశా వర్కర్ని. మీరందరూ పెద్ద చదువులు చదివినోళ్లు, నేను ఒక మాట చెప్తా. ఊళ్లో నడుం నొప్పితో మొదట పోయేది పీహెచ్‌సీకి కాదు. ముందు మెడికల్ షాపులో బిళ్లలు, తర్వాత ఆర్‌ఎంపీ, ఆయన సూదేస్తే రెండ్రోజులు బాగుంటది, మళ్లీ నాట్లకి పోతారు, కూలి పోగొట్టుకోలేరు గదా. పీహెచ్‌సీకి పోతే ఒక పూట పోయినట్టే. బీపీ షుగర్ మాకు లిస్టు ఉంది, ఇంటికి పోయి చూస్తాం, రాసుకుంటాం. నొప్పులకి ఏ లిస్టూ లేదు. ఎవరూ మమ్మల్ని అడగరు. నొప్పి ఉండేది ఎక్కువ ఆడోళ్లకే, వాళ్లు దాన్ని రోగం కింద లెక్కేసుకోరు.

ఆర్‌ఎంపీ_కొడుకు
ఆశా అక్క చెప్పింది నిజం. మా నాన్న ముప్పై ఏళ్లుగా ఊళ్లో వైద్యం చేస్తుండాడు, తిట్టబాకండి, రాత్రి పన్నెండుకి తలుపు కొడితే లేచేది ఆయనొక్కడే. సూది వద్దంటే పక్కూరు ఆర్‌ఎంపీ కాడికి పోతారు. మీరు ఎప్పుడన్నా రీసెర్చ్ చేస్తే ఆయన్ని విలన్ చెయ్యకుండా ఆయన కాడికి కూడా రండి. ఎవరు ఎప్పుడొచ్చారో ఆయనకి నోటికి గుర్తు.

నడుంనొప్పి_నాయుడు (గూడూరు)
అప్‌డేట్ ఇస్తుండా. డాక్టర్ని కలిసినా, కాళ్లు పరీక్ష చేసి బలం బాగుంది, భయపడాల్సింది లేదు, నడవమన్నాడు. పొద్దున పూట తోట దాకా నడిచి వస్తుండా. బిందె మాత్రం ఇంకా మా ఆవిడ ఎత్తనివ్వట్లేదు.

కారందోశ_కాలేజీ
సూపర్ అన్నా. 2024లో సిడ్నీ వాళ్లు వాక్‌బ్యాక్ అని ట్రయల్ వేశారు, 701 మంది, నడుం నొప్పి ఒకసారి తగ్గినోళ్లకి ఫిజియోతో నడక ప్లాన్ ఇచ్చారు. మళ్లీ పనులు ఆగిపోయేంత నొప్పి తిరగబెట్టడానికి నడిచినోళ్లకి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, నడవని వాళ్లకి 112. బూట్లు కొనుక్కోండి.

గిత్త_ఒంగోలు
నాయుడు గారు నడిస్తే ఇంక ఆ చెన్నై ఆసుపత్రి మూసుకోవాల్సిందే

మైపాడు_అల
అందరికీ దండాలు. ఇంత మంది ఇంత రాస్తారనుకోలా. నాన్నకి ఈ థ్రెడ్ చూపించా, మాస్టారు గారి సుబ్బమ్మవ్వ కథ చదివి నవ్వాడు, షట్టర్ సంగతి మాత్రం ఇంకా వదల్లేదు.
మా కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో ఒక మేడంతో మాట్లాడినా, గైడ్ చేస్తానన్నారు. నేను అనుకున్న ప్లాన్ ఇది. ఒక పీహెచ్‌సీ తీసుకుని సగం మందికి మామూలు ట్రీట్‌మెంట్, సగం మందికి స్టార్ట్ బ్యాక్ పద్ధతి, ఆరు నెలలు చూడటం. కావలి అన్నా ఎట్టా ఉందో చెప్పు.

స్టోక్‌లో_కావలోడు
వద్దు. ట్రయల్ జోలికి ఇప్పుడే పోబాక. దానికి మనుషులు చాలామంది కావాలి, ఎవరు ఏ గ్రూపో దాచిపెట్టాలి, సీటీఆర్‌ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే చోటు) ముందే రిజిస్టర్ చెయ్యాలి, ఇంటర్న్‌షిప్ అయిపోయిన ఒక్క మనిషి వల్ల కాదు, చేసినా చిన్నదై ఎందుకూ పనికిరాదు. పైగా ఎక్కువ రిస్క్ వాళ్లని చూడగల ట్రైనింగ్ ఉన్న ఫిజియో ఆ పీహెచ్‌సీలో ఎవరున్నారు? ఆ భాగం లేకుండా పద్ధతి సగమే.
క్రాఫ్ట్ చేసింది చెయ్యి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, పీహెచ్‌సీకీ, ఒప్పుకుంటే ఆర్‌ఎంపీ తమ్ముడి వాళ్ల నాన్న దగ్గరికీ, నడుం నొప్పితో వచ్చినోళ్లని వరసగా రాసుకో, ఏరుకోబాక, వరసగా. అదే రోజు తొమ్మిది ప్రశ్నలు, మాస్టారు చెప్పిన నేల మీద పనులు, ఉదయగిరి అన్న చెప్పిన మూడు పరీక్షలు, తాగే నీళ్లు ఎక్కడివి. మూడు నెలలకి, ఏడాదికి ఫోన్. నొప్పి ఎట్టా ఉంది, తర్వాత యాడికి పోయారు, ఎంత ఖర్చయింది, ఎన్ని కూలి దినాలు పోయాయి. ఇంతే. నడుం నొప్పి 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి ఉందని లెక్కలేశారు, ఆ లెక్కలు కట్టడానికి ఎక్కువగా దొరికింది డబ్బున్న దేశాల డేటానే. మర్రిపాడులో కూలికి పోయే ఆడమనిషికి ఏడాది తర్వాత ఎట్టా ఉందో నువ్వు రాస్తే దాన్ని వెతుక్కుని చదివేవాళ్లు ఉంటారు. నేను రోజూ వెతుకుతుంటా, నాకే దొరకట్లా.

మైపాడు_అల
సరే అన్నా, ఇది నా వల్ల అవుద్ది. భయమేందంటే ఫోన్. మా ఓపీలోనే చాలామంది ఇచ్చే నంబరు కొడుకుదో మనవడిదో, వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. ఏడాది తర్వాత సిమ్ కూడా మారిపోద్ది. సగం మంది దొరక్కపోతే ఆ రీసెర్చ్ చెల్లుద్దా?

స్టోక్‌లో_కావలోడు
సగం మంది పోతే కష్టమే. రెండు నంబర్లు తీసుకో, ఒకటి పక్కింటి వాళ్లది. అనుమతి కాగితంలోనే ఆ మాట రాయించుకోవాలి, లేకపోతే ఎథిక్స్ వాళ్లు ఒప్పుకోరు.

ఆశా_అక్క (ఆత్మకూరు)
నంబర్ల కోసం తిప్పలు పడబాక పాపా. మా ఊళ్లో ఎవరిల్లు ఏదో నాకు తెలుసు, ఫోన్ తగలకపోతే పేరు చెప్పు, నేను పోయి మాట్లాడిస్తా. నాట్లప్పుడు మాత్రం పగలు చెయ్యబాక, ఒక్కరూ ఎత్తరు. రాత్రి అన్నాలు తిన్నాక, ఎనిమిదింటికి.